బెస్ బిడ్డా, మార్గరెట్ బిడ్డా

సాబ్రా మండేని నిద్రలో లేపి అడిగినా తాత కథ గడగడా అప్పజెప్పేది. అజరయా మండే పొగాకు పండించి, తన వెల తానే దొరకి కట్టి బానిసత్వం నుంచి బయటపడ్డాడు. చెసాపీక్ ఖాతం తూర్పు గట్టున, పాయ పక్కన సొంత నేల సంపాదించాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక, మొక్కజొన్న రొట్టె తుంచకముందే ఆ ఇంటి పిల్లలు ఇదంతా చెప్పి తీరాలి. తడబడ్డ పిల్ల వాటా ఆల్చిప్పల పులుసు పక్కపిల్ల గిన్నెలోకి పోయేది. అంత పకడ్బందీగా నేర్పారు. నేర్పాల్సింది మాత్రం నేర్పలేదు.

వర్జీనియా చట్టానికి తండ్రితో పని లేదు. తల్లి బానిసైతే బిడ్డ బానిస, తల్లి స్వతంత్రురాలైతే బిడ్డా స్వతంత్రురాలే. అజరయాకి ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరు తల్లుల బిడ్డలు. ఒక తల్లి బెస్, కాట్రెల్ దొర బానిస. రెండో తల్లి మార్గరెట్, కొన్నేళ్ళ చాకిరీకి ఒప్పుకుని ఓడెక్కి వచ్చిన తెల్లపిల్ల, బానిస కాదు. ఇద్దరూ పోయి చాలాకాలమైంది. ఏ కూతురు ఏ తల్లి బిడ్డో ఇంట్లో ఎవరూ నోరెత్తేవారు కాదు. చిన్నది రేచెల్ అచ్చం తండ్రిలా కారునలుపు, పెద్దది తామార్ కాస్త చామనఛాయ. అది చూసి రేచెల్ బెస్ బిడ్డ, తామార్ మార్గరెట్ బిడ్డ అని ఊరు తేల్చేసింది. ఊరికి అంతకన్నా పనేముంది?

రేచెల్ కూతురే సాబ్రా. తల్లి పోయాక పెద్దమ్మ తామార్ చేతుల్లో పెరిగింది. ఇప్పుడు సాబ్రాకీ ఎదిగిన కూతురు ఉంది, ఐబీ.

పాత కాట్రెల్ దొర బతికినన్నాళ్ళూ ఈ సంగతి ఎవరూ కెలకలేదు. ఆయన పోగానే కొడుకు ఆస్తి తవ్వుకోవడం మొదలుపెట్టాడు. రేచెల్ తమ బెస్ కడుపున పుట్టింది కాబట్టి సాబ్రా, ఐబీ తన సొత్తేనని దావా వేశాడు. మార్గరెట్ బిడ్డనుకున్న ముసలి తామార్ జోలికి మాత్రం పోలేదు. ఒకరోజు గుర్రం మీద వచ్చి, గుమ్మంలో నిలబడ్డ ఐబీ గడ్డం పట్టుకుని పళ్ళు చూసి వెళ్ళాడు. ఆ క్షణం నుంచి సాబ్రాకి తిండి సయించలేదు.

ప్లీడరు దగ్గరికి పరిగెత్తి తాత కథ మొదలుపెట్టింది. ఆయన ఆవలించి, తాత రాజైనా కోర్టుకి అక్కర్లేదని, రేచెల్ని కన్నది ఎవరో తెల్లవాళ్ళ నోట చెప్పించమని పంపేశాడు. నల్లవాళ్ళ సాక్ష్యం అక్కడ చెల్లదు.

తామార్ మగ్గం దగ్గర ఉంది. సాబ్రా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"పెద్దమ్మా, మా అమ్మ ఎవరి కడుపున పుట్టింది?"

"మీ తాత కడుపున. ఇంట్లో పనేం లేదా? ఆ నూలు చుట్టు."

సాబ్రాకి ఒళ్ళు మండింది. తెల్లదాని బిడ్డనన్న గొప్ప పోతుందని నోరు కుట్టుకుందని నోటికొచ్చినట్టు తిట్టింది. కన్నదానివైతే తెలిసేదని కూడా అంది. తామార్ మగ్గం ఆగింది. పాయ అవతల తెల్ల మంత్రసాని టింగ్లీ ముసలమ్మ ఇంకా బతికే ఉందని, ఇద్దరు తల్లులకీ పురుడు పోసింది ఆవిడేనని, వెళ్ళి అడగమని చెప్పింది.

పెళ్ళికాని పిల్లకి నొప్పులొస్తే, తండ్రి పేరు చెప్పేదాకా మంత్రసాని చెయ్యి వెయ్యకూడదు. ఆ బిడ్డ ఖర్చు ఊరి మీద పడకుండా పెద్దలు పెట్టిన కట్టడి అది. అలా పేరు పిండిన పురుళ్ళు టింగ్లీ ముసలమ్మకి కళ్ళు పోయినా మరుపు రాలేదు.

"మీ అమ్మని కన్నది మార్గరెట్టేనమ్మా," అంది ముసలమ్మ. "పెదవి కొరుక్కుంది గానీ అజరయా పేరు చెప్పడానికి ఎంత మొండికేసిందో. కోర్టుకొచ్చి చెప్తాను. కానీ బైబిల్ మీద చెయ్యేశాక సగం చెప్పి ఊరుకోలేను. మీ అమ్మ అక్క సంగతి అడిగితే అదీ చెప్పాలి. తామార్ని అడిగే వచ్చావా?"

సాబ్రాకి అప్పుడర్థమైంది. తామార్ బెస్ బిడ్డ. బెస్ పోయాక అజరయా పసిగుడ్డుని ఎత్తుకొస్తే పాత దొర చూసీచూడనట్టు ఊరుకున్నాడు, అంతే. పడవలో తిరిగొస్తూ సాబ్రా తనని తాను తిట్టుకుంది. ఐబీని తలుచుకుంటే ముసలమ్మని కోర్టుకి ఈడ్చుకుపోవాలనిపించేది. తల్లిలా సాకిన మనిషి గుర్తొస్తే పడవ బోర్లాపడితే బాగుండుననిపించేది.

ఇంటికొచ్చి, ముసలమ్మకి ఏమీ గుర్తులేదట అంది.

"అబద్ధమాడ్డం నీకు చేతకాదే," అంది తామార్. "మథియాస్ ఎన్నేళ్ళు ఈ గుమ్మం చుట్టూ తిరిగాడో ఊరందరికీ తెలుసు. నాకు ఇష్టం లేక చేసుకోలేదనుకున్నావా? నా కడుపున పుట్టిన ప్రతి బిడ్డా కాట్రెల్ సొత్తే. వాడి కోసం నేను కనాలా? కనలేదు. ఇక వాడికి దొరికేది నేనొక్కదాన్నే. ఆ ముసలమ్మని పిలిపించు."

సాబ్రా ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. తామార్ కాసేపు ఏడవనిచ్చి, ఇక చాల్లే, నూలు తడుస్తోందని విసుక్కుంది.

కోర్టు రోజున టింగ్లీ ముసలమ్మ బైబిల్ మీద చెయ్యేసి, రేచెల్ మార్గరెట్ బిడ్డ అని చెప్పింది. కాట్రెల్ ప్లీడరు ఊరుకుంటాడా? మరి పెద్దదాని సంగతేమిటని అడిగాడు. ముసలమ్మ తామార్ ఎక్కడుందోనన్నట్టు తల అటూ ఇటూ తిప్పింది. నల్లవాళ్ళు నిలబడే వెనక గోడ దగ్గర నుంచి తామార్ గొంతు వినిపించింది.

"చెప్పెయ్యండమ్మా."

నోరు మూసుకోమని న్యాయాధికారి గద్దించాడు. ముసలమ్మ చెప్పేసింది.

సాబ్రా, ఐబీ స్వతంత్రులేనని తీర్పు చెప్పారు. రెండు పోయిన కాట్రెల్ ఉక్రోషం కొద్దీ ఆ ఒక్కదాన్నీ వదల్లేదు. కోర్టు ముంగిట్లోనే తామార్ని బండెక్కించమన్నాడు. సాబ్రా ఆమెని పట్టుకుంటే మనుషులు విడదీశారు. ఐబీ పరిగెత్తుకొచ్చి బండి చక్రం పట్టుకుని ఎక్కబోయింది.

"ఐబీ," అని కసిరింది తామార్. "ఈ బండి మీద చెయ్యి వెయ్యకు."

ఐబీ చెయ్యి తీసేసింది. బండి కదిలింది.