మాట రాని టీవీలో నిప్పుల కొండ

మా చిన్నప్పుడు... బొమ్మ బాగానే వచ్చి మాట మాత్రం రాని టీవీ ఒకటి పెంటపాడు నుంచి నాన్న షాపుకొచ్చింది. తాడేపల్లిగూడెంలో నాన్న టీవీలు, టేపురికార్డర్లు బాగుచేసేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. అప్పుడు నాది ఎనిమిదో తరగతి.

ఆ రోజు బడికి సెలవు. నాన్న వెనక డబ్బా ఊడదీసి, కేబుల్ వైరు తగిలించి చూస్తుంటే ఏదో ఇంగ్లీషు చానల్ పడింది. నల్లటి కొండ... దాని నోట్లోంచి నిప్పు పొంగుతోంది. ఆ అంచున ఒకాయన, ఒకావిడ నడుస్తున్నారు.

సరిగ్గా అప్పుడే అమ్మ అన్నం కేరేజీతో వచ్చింది. అమ్మది కొల్లేరు లంకల్లో ఊరు. పెళ్ళికి ముందు దోనె తోసిన మనిషి... దేనికీ అంత తొందరగా ఆశ్చర్యపోదు. అలాంటిది గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏవండీ, వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలండీ."

"నీకెలా తెలుసు?"

"ఆయన ఆవిడ టోపీ సర్దాడు, ఆవిడ విసుక్కుంది. చూళ్ళేదా మీరు?"

నిజమే. కాసేపటికి వాళ్ళ పెళ్ళి ఫోటో కూడా చూపించారు. ఒక్క మాట వినబడకపోయినా అర్థమైపోయింది... దేశాలు తిరిగి అగ్నిపర్వతాలను పరిశీలించడమే ఆ ఇద్దరి పని. ఆవిడ పొడవాటి ఇనుపకడ్డీతో కరిగిన రాయిని తీసి నీళ్ళబకెట్లో ముంచుతోంది. ఆయన వెనకాలే పెట్టె మోస్తున్నాడు. గుడారం దగ్గర ఆయన గిన్నెలో ఏదో కలుపుతుంటే ఆవిడ నోట్సు రాసుకుంటోంది.

బాగుచేస్తే మాట వస్తుంది... కానీ బాగుచేయాలంటే టీవీ ఆపాలి. ఎవరమూ ఆపలేదు.

అయిపోయాక "నేనూ ఇదే పని చేస్తాను" అన్నాను. "సరే, ముందు అన్నం తిను" అంది అమ్మ.

ఆ నెలలోనే స్కూల్లో వ్యాసరచన పోటీ... 'పెద్దయ్యాక నేనేమవుతాను'. అగ్నిపర్వతాల గురించి రెండు పేజీలు రాశాను. సోషల్ మాస్టారు దాన్ని గట్టిగా చదివి వినిపించారు. క్లాసంతా ఒకటే నవ్వు.

"మనది కొల్లేరు పక్క ఊరమ్మా. తవ్వితే నీళ్ళు, బురద. నిప్పుల కొండ ఎక్కడుంది? డాక్టరనో టీచరనో మార్చి రాసుకురా, మండలానికి పంపుతాను."

"మార్చనండీ" అన్నాను. అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు.

"అయితే మార్చేదాకా నా క్లాసులో కూర్చోకు."

మూడు రోజులు ఆయన పీరియడ్ వరండాలో నిలబడ్డాను. నాలుగో రోజు నాన్న వచ్చారు. నాన్న గొంతు పెంచే మనిషి కాదు.

"మాస్టారూ, మా అమ్మాయి రాసినదాంట్లో తప్పేవన్నా ఉందాండీ?"

"తప్పని కాదండీ. ఆడపిల్ల కొండలెక్కడం ఏవిటండీ? నలుగురూ నవ్వరూ?"

"నవ్వుకోనివ్వండి. ఆ పని చేసే ఆవిణ్ణి మేం టీవీలో చూశామండీ. మార్చమని మాత్రం నేను చెప్పలేనండీ."

మాస్టారూ తగ్గలేదు. నేను మళ్ళీ వరండాలోకే... కానీ ఈసారి తల దించుకుని నిలబడలేదు.

సాయంత్రాలు లైబ్రరీకి వెళ్ళి రాళ్ళ గురించి దొరికిందల్లా చదివేదాన్ని. ఒకరోజు ఒక పుస్తకంలో కనబడింది... గోదావరికి ఇవతలి ఒడ్డున, పంగిడి వైపు ఉన్న నల్లరాయి కోట్ల ఏళ్ళ కిందట పారిన లావా అని! పంగిడి అంటే... మా రోడ్లకు కంకర వచ్చే ఊరు. పరుగెత్తుకుంటూ షాపుకెళ్ళి చెప్పాను.

ఆదివారం చర్చి అవగానే ముగ్గురం స్కూటరెక్కాం. క్వారీ దగ్గర మేస్త్రి లోపలికి వెళ్ళనివ్వలేదు. అమ్మ దిగింది. "పిల్ల చదువుకి బాబూ, ఒక్క రాయి ఇప్పించండి" అంది.

"రాయి కోసం గూడెం నుంచి వచ్చారాండీ!" అని నవ్వి, ఆయనే వెతికి తెచ్చాడు. నల్లటి రాయి... దాని నిండా బుడగలు పగిలినట్టు చిన్న చిన్న గుంటలు, వాటిలో పంచదార పలుకుల్లాంటి తెల్లటి మెరుపులు. చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉంది. ఒకప్పుడు ఇది నిప్పై పారిందా అనుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు ఆ రాయిని మాస్టారి బల్ల మీద పెట్టాను. "ఇది లావానండీ. మన జిల్లాదేనండీ" అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పారు, గుంటల్లో వేలు పెట్టి చూశారు. "వెళ్ళి కూర్చో" అన్నారు. అంతే. గడువు దాటిపోయిందని నా వ్యాసం పోటీకి పంపలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు... కానీ ఆ వ్యాసంలో ఒక్క అక్షరం మార్చలేదు.

ఇంటర్ అయ్యాక విశాఖపట్నంలో జియాలజీ చదువుతానంటే చుట్టాలు పనిగట్టుకుని ఇంటికొచ్చారు. "రాళ్ళ చదువుకి ఉద్యోగం ఎవరిస్తారండీ?" అన్నారు. "మేం చదివిస్తామండీ. ఉద్యోగం సంగతి అది చూసుకుంటుంది" అంది అమ్మ. కాఫీ తాగి వెళ్ళిపోయారు.

చూసుకున్నాను. ఇప్పుడు ఊరూరా తిరిగి భూమిలో నీళ్ళెక్కడున్నాయో చూడటం నా పని. ఆ మధ్య అండమాన్ వెళ్ళి, ఓడ మీద నుంచి నిజమైన అగ్నిపర్వతాన్ని చూశాను. ఆ టీవీలో వాళ్ళలా జంటగా వెళ్ళావా అని అందరూ అడుగుతారు. లేదండీ... ఒక్కదాన్నే వెళ్ళాను. దాని పొగ కనుమరుగయ్యేదాకా కదల్లేదు.

మొన్న ఒక స్కూలుకు పిలిస్తే వెళ్ళాను. పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే పిల్లలంతా ఇంట్లో అప్పజెప్పించిన జవాబులే చెప్పారు. ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేదు... నవ్వేంత వింత కోరిక ఒక్కరూ చెప్పలేదు మరి.

మీ క్లాసంతా నవ్విన కోరిక ఏదైనా మీకూ ఉండేదా? కింద రాయండి... దాన్ని ఇంకా వదల్లేదని కూడా రాయండి.