నా ప్రార్థన మనవి నాకంటే ముందే చేరిన ఊరు

మార్కమ్ నుంచి లండన్‌కి ఎందుకు బయల్దేరానో ముందే చెప్పేస్తాను, తర్వాత చెప్పాలంటే నోరు రాదు. లండన్ అంటే రాజుగారి లండన్ కాదు, ఒంటారియోలో ఉన్నది. ఊళ్ళు కట్టడంలో చూపించిన ఓపిక పేర్లు పెట్టడంలో చూపించలేదు ఇక్కడివాళ్ళు. నా మనవరాలు కెజియా అక్కడ యూనివర్సిటీలో మూడో ఏడు చదువుతోంది. ఆదివారాలు తెలుగు సహవాసంలో, అంటే అక్కడి తెలుగువాళ్ళ చర్చిలో, కీబోర్డు వాయిస్తుంది. ఆగస్టులో ఒకరోజు వీడియో కాల్‌లో దాని వెనక అల్మరా మీద నేనిచ్చిన చెక్క సిలువ కనబడింది. సంతోషించేలోపే దాని పక్కన ఐదు కోణాల నక్షత్రం, వెండి గిన్నె, కొవ్వొత్తులు, టారో కార్డుల పెట్టె, ఎండిన ఆకుల కట్ట కూడా కనబడ్డాయి. గుంటూరులో బోటనీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ముందు ఆకును గుర్తుపట్టాను, రోజ్‌మేరీ. మిగతాది అదే చెప్పింది. "విక్కా అంటారు అమ్మమ్మా. సీజన్స్‌ని ఆనర్ చేస్తాం. జీసస్‌ని వదల్లేదు, కంగారుపడకు." ఋతువుల్నీ, చంద్రుణ్ణీ, ఒక దేవతనూ కొలుస్తూ, తాము మంత్రగత్తెలమని తామే సంతోషంగా చెప్పుకునేవాళ్ళున్న మతమది అని చదివి తెలుసుకున్నాను. కంగారుపడకు అంటే ఊరుకున్న అమ్మమ్మ ఇంకా పుట్టలేదు.

కంగారులో మా సంఘాల్లో పెద్దవాళ్ళందరూ చేసే పనే నేనూ చేశాను. మా మార్కమ్ స్త్రీల ప్రార్థన గ్రూపులో వాట్సాప్ పెట్టాను: "నా మనవరాలు కెజియా, లండన్, చిల్లంగి బంధకాల నుండి విడుదల పొందులాగున భారంతో ప్రార్థించగలరు." పేరుతో సహా, ఊరితో సహా. ఇరుగుపొరుగు గురించి చెబితే చాడీ, అదే సంగతిని చివర 'ప్రార్థించగలరు' అని ముగిస్తే భక్తి. ఆ తేడా మీద మేమంతా హాయిగా బతుకుతున్నాం. ఆమెన్‌లు వరసగా పడ్డాయి, చేతులు జోడించిన బొమ్మలు పడ్డాయి. నా కడుపు చల్లబడింది. ఆ మెసేజ్ సంగతి దానికి మాత్రం చెప్పలేదు. సెప్టెంబరులో, పగలూ రాత్రీ సమానమయ్యే రోజు దగ్గరపడగానే, "ఈక్వినాక్స్‌కి లేక్ దగ్గర మా సర్కిల్ ఉంది, నువ్వే వచ్చి నీ కళ్ళతో చూడు" అని పిలిచింది. పిల్లను వెనక్కి తెచ్చుకునే అవకాశమనుకుని టికెట్ కొన్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి దారి చెబుతాను. శనివారం పొద్దున్నే మార్కమ్‌లో లోకల్ రైలెక్కితే సుమారు గంటలో టొరంటో యూనియన్ స్టేషన్. సీనియర్లకి టికెట్ సగమే, వయసు వల్ల ఈ దేశంలో నాకు దొరికిన కొద్దిపాటి గౌరవాల్లో అదొకటి. అక్కడినుంచి లండన్‌కి రెండున్నర గంటల లోపే. పది రోజుల ముందు తీసుకుంటే యాభై అరవై డాలర్లలో వస్తుంది, ముందురోజు తీసుకుంటే దాదాపు రెట్టింపు. యూనియన్‌లో మెట్లు ఎక్కువ, లిఫ్టు ఎక్కడుందో అడగడానికి మొహమాటపడకండి. నా హ్యాండ్‌బ్యాగులో పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన నూనె సీసా ఉంది. దాని అల్మరాకి కాస్త రాసి రావాలని నా పథకం. రైలు కుదుపుకి మూత వదులై, నూనె అంతా నా ఒంటి మీది స్వెటర్‌కి పట్టింది. లండన్‌లో దిగేసరికి అభిషేకం జరిగింది నాకే.

కెజియా స్టేషన్‌కి వచ్చింది. బస్సులో పావుగంట, మరో ముగ్గురు అమ్మాయిలతో ఉంటున్న ఇల్లు. పప్పుచారు పెట్టి, బంగాళాదుంప వేపుడు చేసి ఉంచింది. నేను తెచ్చిన గోంగూర పచ్చడి చూసి సీసాని ముద్దు పెట్టుకుంది. అన్నం తింటూనే యుద్ధం మొదలుపెట్టాను.

"ఆ టారో కార్డులు తీసి భవిష్యత్తు చూడ్డమేమిటే?"

"డిసెంబర్ థర్టీఫస్ట్‌కి నువ్వు చర్చిలో వాగ్దానం కార్డు తీస్తావు కదా అమ్మమ్మా, కొత్త ఏడాదికి ఏ వచనం వస్తుందో అని."

"అది వాక్యం!"

"పోయినసారి కార్డులో శ్రమలు అని వచ్చిందని లోపల పెట్టేసి ఇంకోటి తీశావు. నేను చూశాను."

పప్పుచారు కొరబోయింది. మా ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వు తగ్గాక అడిగాను, నిజంగానే అడిగాను. "తల్లీ, వేరే దేవుడు నీకు ఉండకూడదని మొదటి ఆజ్ఞే చెబుతోంది. ఆ రెండూ ఒక గూట్లో ఎలా పెడతావు?"

కంచంలో వేలితో గీస్తూ కూర్చుంది. "చంద్రుణ్ణి కాదు అమ్మమ్మా, చంద్రుణ్ణి చేసినవాణ్ణే అడుగుతాను. చర్చిలో నాకు దేవుడు పైకప్పు కింద ఉన్నట్టుంటాడు. లేక్ దగ్గర పైకప్పు ఉండదు. రైటో కాదో ఐ డోంట్ నో. రెండూ కావాలి, అంతే." నాకు వేపుడు వడ్డిస్తూ, "అన్నట్టు, ఈ మధ్య చర్చిలో కీబోర్డు ఇవ్వట్లేదు. కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో అన్నారు. ఎందుకో మరి" అంది.

నాకు అక్కడే తట్టాల్సింది. పిల్లకి పరీక్షలని వాళ్ళే ఆలోచించి ఉంటారులే అనుకుని రెండోసారి పప్పుచారు పోసుకున్నాను.

సర్కిల్ జరిగేది పోర్ట్ స్టాన్లీలో, ఈరీ సరస్సు ఒడ్డున. లండన్ నుంచి ముప్పావు గంట, బస్సులుండవు. కారు కావాలంటే తెలుగు విద్యార్థులందరూ పిలిచే శేఖర్ అని కర్నూలాయన ఉన్నాడు, రానూపోనూ, అక్కడ ఆగినందుకూ కలిపి వంద డాలర్లు. కారు మొక్కజొన్న చేల మధ్య పడేసరికి మాటలు మొదలయ్యాయి.

"ఎవరింటికొచ్చినారు ఆంటీ?"

"మనవరాలి దగ్గరికి నాయనా. ఇదిగో, ఇదే, కెజియా. మీ ఊరి తెలుగు సహవాసంలో కీబోర్డు వాయించేది ఇదే." గొప్పకి పోయాను.

ఆయన అద్దంలోంచి వెనక్కి చూశాడు. "మార్కమ్ అమ్మమ్మగారి కెజియానా? అయ్యో, ఈ పాప కోసమే కదా ఆంటీ మా ఆవిడ శుక్రవారాలు ఉపవాసముండేది! చిల్లంగి బంధకాలని మీ కాడి నుంచి మెసేజ్ వచ్చింది కదా, మా గ్రూపులో అందరం ప్రార్థన చేస్తాండాం. పాస్టరుగారు కూడా అందుకే పాటల టీమ్‌లోంచి..."

అక్కడ ఆగాడు. ఆగడం వల్ల మిగిలింది కూడా తెలిసిపోయింది.

"అమ్మమ్మా, చిల్లంగి అంటే ఏంటి?" అంది కెజియా.

నా చదువంతా ఆ ఒక్క మాట అనువదించడానికి పనికొచ్చింది. "విచ్‌క్రాఫ్ట్" అన్నాను.

"మెసేజ్ నువ్వు పంపావా?"

"నీ మంచికే తల్లీ. ప్రార్థన కోసమే."

"నన్ను అడిగావా?"

చేలు అయిపోయి సరస్సు కనబడింది. శేఖర్ పాటలు పెట్టబోయి, మళ్ళీ ఆపేశాడు.

పోర్ట్ స్టాన్లీ చక్కని ఊరు. వేసవి రద్దీ పోయి, ఇసుక అంతా మనదే. ఎండ వాలాక గాలి చలిగా ఉంటుంది. స్వెటర్ తప్పనిసరి, నూనె లేనిదైతే మంచిది. కెజియా నన్ను ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, నీళ్ళ అంచున ఒంటరిగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నల్ల గౌనులూ కాగే కుండలూ ఊహించుకుని వచ్చాను. వచ్చినవాళ్ళు ఆరుగురు, రెయిన్ జాకెట్లలో. వాళ్ళలో పెద్దది హెలెన్, నా వయసే ఉంటుంది, మోకాళ్ళు కూడా నాలాంటివే. ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి పక్కన కూర్చుంది. మొహమాటం లేకుండా అడిగేశాను, మీ దారీ మా యేసూ కలుస్తాయా అని.

"కలుస్తాయనేవాళ్ళు మాలో ఉన్నారు," అంది హెలెన్. "నేను ఒప్పుకోను. ఒక్కడే దేవుడు అని చెప్పే మతం ఆ మాట నిజంగానే అంటుంది కదా. నేను చర్చి వదిలే ఇటు వచ్చాను. కెజియాకి కూడా ఇదే చెప్పాను, ఏదో ఒకటి తేల్చుకో అని."

నా జన్మలో మొదటిసారి ఒక మంత్రగత్తెతో పూర్తిగా ఏకీభవించాను. "మరి తను తేల్చుకోలేదుగా?" అన్నాను ఉత్సాహంగా.

"లేదు. అయితే మాత్రం? తేల్చుకునేదాకా పిల్ల చలిలో నిలబడాలా? వస్తుంది, కూర్చుంటుంది, రొట్టె తింటుంది."

మా ఇద్దరి సిద్ధాంతమూ ఒకటే. ఆమె పిల్లని కూర్చోబెట్టింది. నేను లేపేశాను.

సూర్యుడు దిగుతుండగా గుండ్రంగా నిలబడ్డారు. ఉప్పు, నీళ్ళు, గాజు సీసాలో కొవ్వొత్తి. వాళ్ళు నాలుగు దిక్కుల్నీ పిలుస్తుంటే నేను వలయం బయట నిలబడి లోలోపల యేసు నామం చెప్పుకున్నాను, అది దాచను. తర్వాత ఒక్కొక్కరూ చలికాలానికి ముందు తాము వదిలేస్తున్నదాని పేరు చెప్పి, ఒక ఎండుటాకు నీళ్ళలో వేశారు. ఒకావిడ సిగరెట్లు అంది. ఒకాయన అన్న మీద కోపం అన్నాడు. కెజియా వంతు వచ్చింది. ఇంట్లో నాకే సగం ఇంగ్లీషు కలిపి జవాబిచ్చే పిల్ల, అంతమంది తెల్లవాళ్ళ మధ్య తెలుగులో చెప్పింది.

"ఆదివారం కీబోర్డు."

కీబోర్డు అన్న మాట చెవిన పడినా, సంగతి ఎవరికీ అర్థం కాలేదు. అందరూ మర్యాదగా తలాడించారు. అర్థమైనదాన్ని నేనొక్కదాన్నే. ఆకు కొంచెం దూరం పోయి, అలతో మళ్ళీ ఒడ్డుకొచ్చింది. కెజియా దాన్ని తీసి, ఇంకాస్త దూరంగా విసిరింది. తర్వాత రొట్టె అందరికీ తుంచి ఇస్తూ నా దాకా వచ్చి, నా మొహం చూడకుండా ఒక ముక్క చేతిలో పెట్టింది. తినాలా వద్దా అని, విగ్రహాలకు పెట్టిన తిండి గురించి చెప్పే మొదటి కొరింథీ పత్రికంతా నెమరేసుకునేదాన్నే మామూలుగా అయితే. తినేశాను.

తిరుగు ప్రయాణం కూడా ఆ కారులోనే కదా, వంద డాలర్లు మాట్లాడుకున్నాం. శేఖర్ తలుపు తీస్తూ మెల్లగా, "తప్పు చెప్పినానా ఆంటీ?" అన్నాడు. "లేదు నాయనా, తప్పు రాసింది నేను" అన్నాను. వెనక సీట్లో కూర్చున్నాక కెజియాతో, "నన్ను క్షమించవే" అన్నాను. "ఇప్పుడు కాదు అమ్మమ్మా" అంది. కానీ దారిలో నిద్ర వచ్చి తల నా భుజం మీద వాలింది. ఆ నూనె వాసనకి ఒకసారి ముక్కు చిట్లించింది కూడా.

మర్నాడు సహవాసానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. కీబోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారిని పట్టుకుని, ఆ మనవి నేనే పంపానని, పిల్లని ఒక్క మాటైనా అడగకుండా ఎందుకు తీసేశారని అడిగాను. "పాప మంచికే అమ్మగారూ" అంది ఆవిడ, ఎంతో ప్రేమగా. నా మాటే, నా గొంతే. పోట్లాడదామంటే నాతోనే పోట్లాడాలి. మెసేజ్ తీసేద్దామంటే గడువు దాటిపోయింది, ఆమెన్‌లన్నీ అలాగే ఉన్నాయి. వాటి కింద, "ఈ మనవి పిల్లని అడగకుండా పెట్టాను, తప్పు నాది, దయచేసి ఇంక ఎవరికీ పంపకండి" అని రాశాను. దానికి ఆమెన్ ఒక్కటీ పడలేదు.

విక్కానీ క్రైస్తవాన్నీ కలపవచ్చా అని ఈ పేజీ వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి నా జవాబు ఇప్పటికీ కలపకూడదనే. మనవరాలు ఒప్పుకోదు, హెలెన్ ఒప్పుకుంటుంది. ఆ జవాబు సరైనదే అయినా అది పట్టుకుని నేను చేసిన పని తలుచుకుంటే రైల్లో కిటికీ అద్దంలో నా మొహం నేనే చూడలేకపోయాను. మంత్రగత్తెల దగ్గరినుంచి పిల్లని గుడికి తేవాలని వెళ్ళినదాన్ని, గుడిలో దానికున్న ఒక్క చోటూ లేకుండా చేసి వచ్చాను. ఈ వ్యాసాన్ని పెట్టేముందు దానికి ఫోన్లో మొత్తం చదివి వినిపించాను. పేరు మార్చమంది, మార్చాను. కెజియా ఈ వ్యాసం కోసం నేను పెట్టిన పేరే. ఇంకో పేరా మొత్తం తీసెయ్యమంది. అందులో ఏముందో ఎవరికీ చెప్పను, ప్రార్థన కోసమైనా సరే.

పోర్ట్ స్టాన్లీ వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: తిరుగు ప్రయాణానికి కూడా కారు ముందే మాట్లాడుకోండి, సాయంత్రం అక్కడ ఏవీ దొరకవు. ఎక్కాక మాత్రం వాతావరణం గురించి మాట్లాడండి.