కదలొద్దుగారి కుర్చీ

ఆ వీధిలో వాదనలో ఓడిపోని మనిషి ఒక్కడే, సెలూన్ నడిపే కదలొద్దుగారు. అసలు పేరు ఇంట్లోవాళ్ళకైనా గుర్తుందో లేదో. ఎవరైనా కుర్చీలో కూర్చుని, మెడకు గుడ్డ కట్టించుకుని, బుగ్గలనిండా నురుగు పూయించుకున్నాకే ఆయన రాజకీయం మొదలుపెడతాడు. ఎదుటివాడు నోరు తెరవబోతే కత్తి గొంతు దగ్గర ఆపి "కదలొద్దు!" అంటాడు. ఇక గెలుపెవరిదో వేరే చెప్పాలా?

ఆ ఏడు ఆయన నోటికి దేశానికి చెందిన ఒక దీవి దొరికింది. తన బడులు, తన పడవలు తనే చూసుకునే అధికారం దీవికి ఇవ్వాలా వద్దా అని దేశమంతా ఓటేయాలి. మిగతా ఏ ప్రాంతానికీ అంత అధికారం లేదు. "వాళ్ళకేమైనా కొమ్ములున్నాయా? ఇస్తే అందరికీ ఇవ్వాలి, లేదంటే ఎవరికీ వద్దు!" అని ఒంటికాలి మీద లేచేవాడు. చిక్కల్లా ఆయన భార్యది ఆ దీవే కావడం. ఆమె ఔనంటుంది, మొగుడు కాదంటాడు, రెండు ఓట్లూ చెల్లుకు చెల్లు. ఆ బాధతో ఆమె వారం రోజులుగా ముక్తసరిగా మాట్లాడుతోంది. ఈయన గమనిస్తేగా!

ఓటింగుకు ముందురోజు వాదన ఊపులో కుర్చీ మీద ఫెళ్ళున చరిచాడు. మణికట్టు బెణికింది. మాసిన గడ్డంతో ఓటుకు వెళ్తే సెలూన్ యజమానికి తలవంపులు కాదూ? మంచానపడ్డ మామగారికి ఏడాదిపాటు గడ్డం గీసిన ఇల్లాలు, మర్నాడు పొద్దున్నే కత్తి అందుకుంది. నురుగు పూసి, కత్తి గొంతుకు ఆనించి, అప్పుడు నోరు విప్పింది.

"మా పడవ ఎప్పుడు కదలాలో ఇక్కడి ఆఫీసులో రాస్తారండీ. అమ్మకి గుండెనొప్పి వచ్చిన రోజు పడవుంది, సముద్రం నిమ్మళంగా ఉంది. టైము కాలేదని కట్టేసి ఉంచారు. అమ్మ దక్కలేదు."

"అది కాదే, మరి అందరికీ..."

"కదలొద్దు! మీకు కళ్ళజోడుంది. నాకు లేదని ఎప్పుడైనా ఏడ్చానా?"

ఆయనకు అత్తగారు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. సబ్బు పడిందని బుకాయించాడు.

వారం తర్వాత, ఆయన మణికట్టు నయమయ్యేసరికి, ఓట్ల లెక్క తేలింది. దీవి గెలిచింది. మర్నాడే కుర్చీలో నురుగుతో ఉన్న ఒక పెద్దమనిషి రంకెవేశాడు: "మనకు లేనిది వాళ్ళకెందుకయ్యా?"

షాపంతా "కదలొద్దు" కోసం చెవులు రిక్కించింది. ఆయన కత్తి పక్కన పెట్టి, ఆ పెద్దమనిషి మూతి తువ్వాలుతో తుడిచాడు.

"పూర్తిగా చెప్పు బాబాయ్, వింటాను. పోయినవారం దాకా నేనూ అదే అన్నాను. నువ్వు చెప్పడం అయ్యాక నీ గడ్డం మా ఆవిడ గీస్తుంది."