పొంగని బీరు

మా ఆయన ఆ బీరును తాగింది తక్కువ, దాని ముందు కూర్చున్నది ఎక్కువ. ఇది సిడ్నీలో, బ్లాక్‌టౌన్ స్టేషన్‌కు కాస్త దూరంలో మేం అద్దెకున్న ఇంట్లో జరిగింది. వైటూకే గండం దాటిన ఏడాది, అంటే రెండు వేల సంవత్సరపు చలికాలం. నాకు ఏడో నెల.

అప్పటిదాకా ఆయన పని పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయడం. రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడానికి మనుషుల్ని విమానాల్లో రప్పించుకున్నారు. జనవరి ఒకటిన ప్రపంచం ఎక్కడా ఆగలేదు. ఆగినవి ఆ పని చేసినవాళ్ల జీతాలే. ఈయన కాంట్రాక్టును ఇంకొన్ని నెలలు ఈడ్చి, చివరికి వద్దన్నారు. వెళ్లే రోజున టీమువాళ్లు ఇంట్లో బీరు చేసుకునే సామాను కానుకగా ఇచ్చి పంపారు: ఒక తెల్ల ప్లాస్టిక్ డ్రమ్ము, బార్లీ మొలకలతో చేసిన మాల్టు పాకం డబ్బా, దాన్ని పులియబెట్టే ఈస్టు పొట్లం. ఉద్యోగం పోయినవాడికి తీరిక ఉంటుందని వాళ్ల ఉద్దేశం కాబోలు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

సరిగ్గా అప్పుడే నాకు పురుడు పోయడానికి మా అత్తగారు వచ్చారు. టికెట్ ఎప్పుడో కొన్నది. ఎయిర్‌పోర్టుకు వెళ్తుంటే కారులో ఆయన ఒకే ఒక్క షరతు పెట్టారు.

"అమ్మకి తెలియకూడదు. లీవు పెట్టానని చెప్దాం."

"ఎన్నాళ్లండీ అలా?"

"మొన్న ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఫోన్ చేస్తామన్నారుగా. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. నువ్వూరుకో."

ఊరుకున్నాను. మా వీసా ఉద్యోగంతో ముడిపడింది. ఆ ఫోన్ రాకపోతే పసిబిడ్డనెత్తుకుని అత్తగారితోపాటే మేమూ వెనక్కి వెళ్లిపోవాలి. ఆ సంగతి తెలిసీ రోజూ ఆవిడ ముందు నవ్వుతూ తిరగడం నా వల్ల అయ్యేది కాదు. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఏమిటో నాకప్పుడే తెలిసొచ్చింది.

ఆ వారమే ఆయన బీరు మొదలుపెట్టారు. పాకాన్ని వేడినీళ్లలో కరిగించి, పంచదార కలిపి, చల్లార్చి, ఈస్టు చల్లి, మరమూత గట్టిగా బిగించి లాండ్రీలో, అంటే ఇంట్లోనే బట్టలుతికే గదిలో, పెట్టారు. మూత మీద నీళ్లు పోసిన చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. లోపల పులియడం మొదలైతే గాలి ఆ నీళ్లలోంచి బుడగలుగా వస్తుంది. మర్నాటికల్లా రావాలట. మధ్యలో మూత మాత్రం తీయకూడదట.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. చలికి ఈస్టు లేవలేదేమోనని, పుట్టబోయే బిడ్డకు అత్తగారు పాత చీరలతో కుట్టి తెచ్చిన బొంతను ఈయన తీసి డ్రమ్ముకు చుట్టారు.

"పాపాయికి తెచ్చింది పీపాకి కట్టావా నాన్నా?" అన్నారావిడ. ఆవిడ నోట బీరు అన్న పేరు రాదు, ఎప్పుడూ 'ఆ పీపా' అనే. ఆవిడ గొడవ ఆవిడది. ఈ దేశపు చలికి ఇడ్లీపిండి పులియక, గిన్నె మీద మూత వారగా పెట్టి, దాన్ని ఓవెన్‌లో లైటు వేసి ఆ వెచ్చదనంలో పడుకోబెట్టేవారు.

పొద్దున్నే కాఫీ కప్పుతో లాండ్రీలోకి వెళ్తే ఆయన మధ్యాహ్నం దాకా బయటికొచ్చేవారు కాదు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఆ గొట్టంకేసే చూస్తుండేవారు. హాల్లో ఫోన్ మోగితే మాత్రం ఒక్క ఉరుకున లేచి వచ్చేవారు. ప్రతిసారీ ఎవరో కార్పెట్లు శుభ్రం చేస్తామనేవాళ్లే.

"ఇది పొంగిన రోజున ఫోన్ వస్తుందనిపిస్తోంది," అన్నారొకరోజు.

పిల్లి ఎదురొస్తే ఆగే మా నాన్నను చూసి నవ్వే మనిషి ఈయన. ఆ మాటకు నాకు నిజంగానే భయం వేసింది. పొంగకపోతే ఏమవుతారు? కోపం కూడా వచ్చింది. కడుపులో బిడ్డనూ నన్నూ వదిలేసి ఒక డ్రమ్ముతో పందెం కాస్తున్నారు.

ఇంకొన్నాళ్లకు లాండ్రీలోంచి పులుపు వాసన రావడం మొదలైంది. వేవిళ్లు పోయినా ముక్కు మాత్రం కుక్కముక్కులాగే ఉండేది నాకు. "పాడైనట్టుందండీ," అన్నాను. ఆయన డ్రమ్మును పెరట్లోకి ఈడ్చుకెళ్లి, పారబోయడానికి మూత మీద చెయ్యి వేశారు.

మూత తిప్పకుండానే ఊడి చేతిలోకి వచ్చేసింది.

లోపల గోడల చుట్టూ పైదాకా నురగ ఎండి అట్టకట్టి ఉంది. గుప్పున బీరు వాసన. అది ఎప్పుడో పొంగింది, పొంగి తేరుకుంది కూడా. గాలంతా గొట్టంలోకి రాకుండా వదులు మూత సందుల్లోంచే పోయినట్టుంది. ఆయన ఒకసారి మూతను, ఒకసారి గొట్టాన్ని చూస్తూ నిలబడిపోయారు.

"నేనే వదులు చేశాను," అన్నారు అత్తగారు, గుమ్మంలోంచి. "నువ్వు పెట్టిన మర్నాడే. పొంగేదాన్ని ఎవరైనా అలా బిగించి పెడతారా? పగిలిపోదూ? ఈ చేత్తో దాన్ని ముట్టుకుని, మళ్లీ స్నానం చేసి దీపం పెట్టుకున్నాను."

"చెప్పొచ్చుగా అమ్మా."

"నువ్వు చెప్పావా నాకు?"

ఆవిడ చెప్పులేసుకుని మెల్లగా మెట్లు దిగి వచ్చారు.

"లీవులో ఉన్నవాడు ఫోన్ మోగితే అలా ఉలిక్కిపడి లేవడు నాన్నా. నేను దిగిన మర్నాడే తెలిసింది. నీ అంతట నువ్వు చెప్తావని చూస్తున్నాను."

ఆయన గడ్డిలో కూలబడ్డారు. మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నారు. వీపు ఎగిరెగిరి పడుతోంది. పెళ్లయినప్పటి నుంచీ ఆయన ఏడవగా నేను చూడలేదు.

అప్పుడే లోపల ఫోన్ మోగింది. ఆయన కళ్లు తుడుచుకుంటూ లేవబోయారు. అత్తగారు భుజం పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టారు.

"మోగనీ. ముందు ఏడువు."

నేనూ కదల్లేదు. ఫోన్ చాలాసేపు మోగి ఆగిపోయింది. అది ఎవరు చేశారో మాకు ఇప్పటికీ తెలియదు.