పైన కూర్చున్న దొంగ

కాజీపేటలో మా వాడకట్టు ఆడవాళ్లందరికీ ఆమె మిషన్ ఆపా, అంటే మిషన్ అక్క. నెమ్మది అనేది ఆ మనిషిలో లేదు. కుట్టుమిషన్ బాగుచేయడమంటే ఆమెకు దొంగను పట్టడమే.

ఒక బతుకమ్మ పండుగ పొద్దున నేను కుడుతున్న మా మనవరాలి కొత్త జాకెట్ సగంలో ఆగింది. బట్ట అడుగున దారం గుత్తులుగా చిక్కుపడుతోంది. ఆ జాకెట్ లేకుంటే ఆడనే ఆడనని పిల్ల ఒకటే ఏడుపు. నేను స్క్రూడ్రైవర్ పట్టి కిందిదారం ఉండే డబ్బీ విప్పుతుంటే ఆపా ఉరికొచ్చింది.

"కింద చిక్కువడితే కిందనే పొడుస్తవా అక్కా? దొంగ పైన కూసున్నడు!"

"నీకెట్ల ఎరుక?"

"జర ఆగి సూడు."

పైదారం మొత్తం లాగేసింది. దారాన్ని బిగించే రెండు బిళ్లల నడుమ నూలుపోగు దూర్చి గుంజింది. ఎర్ర దారపు ముక్క ఊడిపడింది. అది అడ్డంపడడం వల్లే పైదారం వదులై, కింద గుత్తులు కట్టిందట.

"దొరికిండు దొంగ!" అని ఇల్లెగిరేలా అరిచింది. దారం ఎక్కించి తొక్కితే మిషన్ గడగడా పరుగెత్తింది. పిల్లా నేనూ ఎగిరి గంతేశాం.

సాయంత్రం ఆట మధ్యలో ఆపా గుంపులోకి చొరబడి పిల్ల చెయ్యి పట్టుకుంది. మొహం చూడలేదు, నగలు చూడలేదు. జాకెట్ అంచు తిరగేసి లోపలి కుట్టు చూసింది.

"దొంగ మళ్ల రాలే!" అని, చప్పట్లు కొడుతూ తనూ ఆటలో కలిసిపోయింది.