సోమవారం గీత

నాచారంలోని ఆ చిన్న కంపెనీలో నీలవేణి తుడుస్తుంది, కడుగుతుంది, చాయ్ అందిస్తుంది. మధ్యాహ్నం కాగానే ఒక గొట్టంలోకి ఊదుతుంది కూడా. ఊపిరి వాసనను బట్టి, సూది గుచ్చకుండానే షుగరు జబ్బును పసిగట్టే సెన్సర్ అక్కడ తయారవుతోంది. జబ్బులేని వాళ్ల ఊపిరీ కావాలి కాబట్టి పనివాళ్లంతా ఊదుతారు.

ఆమె భర్త కొమురెల్లి నాగపూర్‌కు లోడు దింపి, లారీని ఓనరుకు అప్పగించి, అటునుంచి అటే ఎటో వెళ్లిపోయాడు. ఫోన్ మోగదు. ఉప్పల్‌లో నీలవేణి తలదాచుకున్న అన్న రాజయ్య ఇంట్లో ఆ పేరెత్తితే మంటలే. “ఎవలికి గావాలె? నేనెప్పుడో మర్సిన,” అనేది నీలవేణి. అందరూ నమ్మారు. వీధిలో లారీ హారన్ వినిపిస్తే మాత్రం ఆమె చేతిలో పని ఆగిపోయేది.

ఒకరోజు ఆ సెన్సర్ పని చూసే ప్రవీణ ఆమెను పిలిచింది. “అక్కా, కంప్యూటర్ల నీ గీత సోమవారమే పైకెక్కుతుంది. షుగర్ ఉందేమో, జర రక్తం చూపించుకో.”

రక్తంలో ఏమీ లేదని తేలింది. “మరి సోమవారం అన్నం తింటవా, తినవా?” అనడిగింది ప్రవీణ.

నీలవేణి అటూ ఇటూ చూసింది. వదిన కట్టిచ్చిన డబ్బా గేటు దగ్గరి కుక్క తింటోందని ఆ కుక్కకు తప్ప ఎవరికీ తెలియదు మరి.

“ఒక్కపొద్దు మేడం. ఆయన యాడున్నా పానం సల్లగుండాలని శివునికి మొక్కిన. మా అన్నకు జెప్పకుండ్రి.”

“చెప్పను. పస్తుంటే ఒంట్ల కొవ్వు కరిగి ఊపిరికి షుగరున్నోళ్ల వాసనే వస్తది. మా లెక్క తప్పుతుందక్కా. ఈసారి తిని ఊదు.”

మేడం మాట కాదనలేక మరుసటి సోమవారం రెండు ఇడ్లీలు మింగి ఊదింది. గీత అందరి గీతల్లాగే కిందనే ఉండిపోయింది. ప్రవీణ సంబరపడింది. నీలవేణికి మాత్రం కట్టుకున్న మనిషిని చేజేతులా చెరిపేసినట్టయింది.

ఆపై సోమవారం మళ్లీ పస్తుతోనే వచ్చింది. “నాది మీ లెక్కల రాయకుండ్రి మేడం. ఊకె ఊదుత. ఒక్కసారి సూడనియ్యుండ్రి.”

ప్రవీణ గొట్టం అందించింది. గీత పైకి లేచింది. తాను ఇంకా ఎదురుచూస్తోందని ఇంటివాళ్లకు తెలియదు, కొమురెల్లికీ తెలియదు. ఇక్కడ మాత్రం కళ్లకు కనిపిస్తోంది. నీలవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

యంత్రంలోని గాలి తీసేస్తే గీత దిగిపోతుంది. ప్రవీణ చెయ్యి మీటవైపు వెళ్లింది.

“జరసేపు ఉండనియ్యుండ్రి మేడం,” అంది నీలవేణి.