నా జారులోనా ఎండురొయ్యలు!

ఆ రోజుల్లో మా బచేలి ఇనుపగని క్వార్టర్లలో ఎవరూ ఏ వస్తువునూ తమంతట తాము కొనుక్కునేవారు కాదు. డబ్బు ఒకరిదైనా నిర్ణయం మాత్రం మా లైనులోని ఇళ్ళన్నిటిదీ. గ్లాసు దగ్గర్నుంచి గ్రైండరు దాకా ఏది కావాలన్నా ముందు నలుగురూ కూర్చుని మాట్లాడాలి, ఆ తర్వాత విశాఖపట్నం వెళ్ళే రైల్వే వాళ్ళెవరికైనా చెప్పాలి, వాళ్ళు అరకు దాటి సముద్రం దాకా దిగి, మళ్ళీ కొండెక్కి వచ్చేదాకా ఎదురుచూడాలి. ఇక్కడి బజారులో దొరకక కాదు. దొరికినదాన్ని నమ్మకూడదని మా వాళ్ళ పట్టుదల. ఎదురుగా కొండంతా ఇనుమే పెట్టుకుని ఇనప పెనం కూడా విశాఖపట్నం నుంచే తెప్పించుకునేవాళ్ళమంటే మా సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది. అలాంటి లైనులో నేనొక్కదాన్నే వెళ్ళి, నా డబ్బుతో, నాకు నచ్చిన పళ్ళు రుబ్బే మిషను కొంటానని కూర్చున్నాను. (మొండిఘటం అనేవారు నన్ను. ఇప్పుడూ అంటారు, కాకపోతే కాస్త గౌరవంగా.)

అసలు కారణం మిషను కాదు. నాకు జగదల్‌పూర్‌లో రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఒక గది కూడా చూసుకున్నాను. చక్కటి గది, కిటికీ ఉంది, నీళ్ళున్నాయి, ఒక్కటే చిక్కు: గదిలో పొయ్యి పెట్టకూడదని ఇంటి యజమానురాలు ఖరాఖండీగా చెప్పేసింది. ఆ ముక్క మా అమ్మ చెవిన పడగానే ఇంట్లో గొడవ మొదలైంది. "పొయ్యి లేని గదిలో ఏటి తింటావే? గోడలు నాకుతావా?" అంది. మధ్యాహ్నం, రాత్రి మెస్సులో తింటానన్నాను. "మరి పొద్దున్న?" అంది. పొద్దున్న స్మూతీ తాగుతానన్నాను. అప్పటికి కొన్నాళ్ళుగా ఫోనులో చూస్తున్నాను, పళ్ళు, పాలు, కాస్త తేనె వేసి తిప్పితే పొట్ట నిండే పానీయం తయారవుతుంది, నిప్పుతో పని లేదు. ఎండాకాలం కావడంతో మా వారపు సంతలో గోండు ఆడవాళ్ళు మామిడిపళ్ళు, బొప్పాయిలు, తునికిపళ్ళు కుప్పలుగా పోసి అమ్ముతున్నారు. పళ్ళకు లోటేమిటి? అమ్మకు మాత్రం ఆ స్మూతీ అనే మాట వినగానే నేను ఆసుపత్రిలో చేరుతున్నట్టు కనిపించింది.

సరే, చేసి చూపిస్తే సరిపోతుంది కదా అని ఇంట్లో ఉన్న మిక్సీలోనే అరటిపళ్ళు, పాలు పోసి తిప్పాను. మా ఇంటి మిక్సీ సామాన్యమైనది కాదు. మా నాన్నది బొబ్బిలి వైపు, అమ్మది భీమిలి దగ్గర. అంచేత ఆ జారులో దాన్ని కొన్ననాటి నుంచీ అల్లం, వెల్లుల్లి, అన్నిటికన్నా ఎక్కువగా ఎండురొయ్యలు నలిగాయి. సబ్బుతో కడిగాను, నిమ్మచెక్కతో రుద్దాను, ఎండలో బోర్లించాను. ఏం లాభం? మొదటి గుక్కలోనే భీమిలి సముద్రం నా ముక్కులోకి వచ్చింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొండమీద ఇనుపరాయిని నలగ్గొట్టే క్రషింగ్ ప్లాంటులో ఫోర్‌మన్ అయిన మా నాన్న మాత్రం గ్లాసు మొత్తం తాగి, మీసం తుడుచుకుని, "బాగానే ఉంది. ఉప్పు తక్కువైంది" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకు వేరే మిషను కావాలి. పళ్ళకు తప్ప దేనికీ వాడని మిషను. నేనే కొనుక్కుంటాను" అన్నాను.

"ఉన్నదానికేం రోగం?" అన్నారు నాన్న.

"రొయ్యల రోగం."

నాన్న నవ్వలేదు. ఆయన నవ్వకపోతే ఏదో షరతు వస్తుందని మాకు తెలుసు. "జగదల్‌పూర్‌లో ఒక్కదానివే ఉంటానంటన్నావు. నీ మంచీ చెడూ నువ్వే చూసుకుంటానంటన్నావు. సరే, ముందు ఈ మిషను నువ్వే సూసి కొను. తెచ్చాక నేను టెస్ట్ చేస్తాను. పాసైతే వెళ్ళు. ఫెయిలైతే రోజూ ఇక్కడి నుంచే బస్సులో వెళ్ళొస్తావు. పక్కా?"

రోజూ ఆ ఘాటురోడ్డు కొండమలుపులు దిగి వెళ్ళి రావడమంటే ఉద్యోగం మానుకోవడమే. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. "పక్కా" అన్నాను, గొంతు తగ్గించకుండా.

ఈ సంగతి పక్కింటి సిక్కోలు పిన్నికి గోడలోంచే వినిపించింది. (మా క్వార్టర్ల గోడలు అంత మంచివి.) ఆవిడ భర్త గూడ్సు బండికి గార్డు, మా లైను ఇళ్ళ సామానంతా ఆయన బండి మీదే వచ్చేది. పిన్ని చేట చేతిలో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఏటే గుంటా, ఇక్కడ కొంటావా? ఈ బజారోడు ఏటి అంటగట్టీస్తాడో ఏటో! మీ బాబాయి రేపు డ్యూటీకి దిగుతన్నారు, నాకు తెచ్చినట్టే పెద్ద మిక్సీ తెచ్చీస్తారు. దాంట్లో పప్పు రుబ్బుకో, పచ్చడి రుబ్బుకో, నీ పళ్ళూ రుబ్బుకో!" అంది.

"వద్దు పిన్నీ. నేను వాడబోయేది నేనే చూసి కొంటాను."

"అబ్బో! రక్తం చూసే చదువు చదివితే మోటార్లు కూడా తెలిసిపోతాయేటి?" అంటూ వెళ్ళిపోయింది. ఆ సాయంత్రానికి మా లైను రెండుగా చీలింది. ఒక పక్షంలో అందరూ ఉన్నారు, రెండో పక్షంలో నేనున్నాను.

మర్నాడు బజారుకు ఒక్కదాన్నే వెళ్ళాను. సామాన్ల కొట్టు సేఠ్‌కు మా కాలనీ వాళ్ళంటే చిన్నచూపు, విశాఖపట్నంలో కొనుక్కుని వాటి రిపేర్లకు మాత్రం తన దగ్గరకు వస్తారని. "ఆవో బేటీ" అంటూ ముందుగా ఒక పెద్ద గాజు జగ్గు మిషను చూపించాడు. చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉంది. నా చేతిలో ఉన్న డబ్బుకు దాని మూత వస్తుందేమో. పైగా గాజు, మా బస్సుల కుదుపుకు జగదల్‌పూర్ చేరేలోపే పెంకులవుతుంది. తర్వాత చేత్తో పట్టుకుని తిప్పే కర్రలాంటిది తీశాడు. చవకే, కానీ దానికి వేరే గిన్నె కావాలి, గట్టి పండు ఎదురైతే మనమే నమిలి ఇవ్వాలి. ఆఖరికి మూల నుంచి ఒక చిన్న సీసా మిషను తీశాను. పళ్ళు సీసాలో వేసి, బ్లేడు మూత బిగించి, తిరగేసి మోటారు మీద కూర్చోబెట్టి నొక్కితే తిరుగుతుంది. ఆ సీసాతోనే తాగేయొచ్చు. కడగడానికి ఒకటే గిన్నె. సీసా సరిగా బిగించకపోతే అసలు తిరగదు. ధర నాకు అందుబాటులో ఉంది.

"దీన్ని ఇక్కడే నడిపి చూపించు" అన్నాను.

"అరే, దుకాణంలో నడిపి ఎవరు చూస్తారమ్మా? డబ్బా తెరిస్తే మళ్ళీ ఎవరు కొంటారు?"

"నేను కొంటాను. నడవకపోతే కొనను."

సేఠ్ నిట్టూర్చి వైరు పెట్టాడు. నేను ఇంటి నుంచి చేతిసంచిలో తెచ్చుకున్న జామకాయను (గట్టిది, కావాలనే తెచ్చాను) ముక్కలు చేసి నీళ్ళతో సహా వేశాను. తిరిగింది. ఒక్క చుక్క కారలేదు. ఎక్కువసేపు నొక్కి ఉంచితే మోటారు వేడెక్కుతుందనీ, కాసేపు తిప్పి కాసేపు ఆపాలనీ సేఠే చెప్పాడు. మూతలోని రబ్బరు రింగు అరిగిపోతే ఎక్కడ దొరుకుతుందని అడిగాను. పక్క కొట్టు మెకానిక్కును పిలిచి, అతని దగ్గరున్న అలాంటి రింగునే నా ముందు తీయించి చూపించాడు. అప్పుడు డబ్బు ఇచ్చాను. "మీ నాన్న కూడా ఇన్ని అడగడు బేటీ" అన్నాడు సేఠ్. అది తిట్టో పొగడ్తో ఆ రోజు నాకు అనవసరం, తల ఎత్తుకుని ఇంటికి వచ్చాను.

ఆదివారం పొద్దున్నే టెస్ట్. లైను సగం మా వంటింటి గుమ్మంలో ఉంది. పిన్ని తన విశాఖపట్నం మిక్సీని చంటిపిల్లను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి నా సీసా పక్కన పెట్టింది, పోల్చి చూడాలి కదా. నాన్న యూనిఫారం వేసుకున్నారు. (సెలవు రోజు ఎందుకని అమ్మ అడిగితే, "టెస్ట్ టెస్టే" అన్నారు.) ముందు పెద్ద మిక్సీ అన్నారు. బొప్పాయి ముక్కల పళ్ళెం చేతిలోకి తీసుకున్నారు.

ఇక్కడ మీకొక విషయం చెప్పాలి. కొండమీద క్రషర్‌ను ఎప్పుడూ ఖాళీగానే మొదలుపెడతారు. అది పూర్తి వేగం అందుకున్నాకే రాయి వేస్తారు. రాయి పెట్టుకుని మొదలుపెడితే మోటారు పోతుంది. మా నాన్నకు ఇది ఉద్యోగసూత్రం కాదు, జీవనధర్మం. నేను నోరు తెరిచేలోగా ఆయన ఖాళీ జారు మూత తీసి, "సూడండి, నో-లోడ్ స్టార్ట్" అని ప్రకటించి మిక్సీని పూర్తి వేగంలో పెట్టారు. అది గుర్రుమని అరిచింది. "ఇప్పుడు ఫీడ్" అంటూ పళ్ళెమంతా అందులోకి వంచారు.

బొప్పాయి కిందికి వెళ్ళలేదు. వెళ్ళినంత వేగంగా పైకి వచ్చింది. కప్పు మీద, ఫ్యాను రెక్కల మీద, దేవుడి క్యాలెండరు మీద, పిన్ని కొత్త వాయిలు చీర మీద, నాన్న యూనిఫారం మీద, మీసం మీద. "ఓలమ్మో, నా సీర!" అని పిన్ని కేక వేసింది. అమ్మ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగిపోయింది. నాన్న స్విచ్చు ఆపి, కళ్ళ మీది బొప్పాయి తుడుచుకుని, "ఫీడ్ సైజ్ ఎక్కువైంది" అన్నారు.

నా వంతు వచ్చింది. నేను సీసాలో మామిడి, అరటి, గింజలు తీసిన తునికిపళ్ళు, పాలు వేసి మూత బిగిస్తున్నాను. నాన్న అదిరిపడ్డారు. "ఆగు! లోడుతోనే స్టార్ట్ చేస్తావా? మోటారు కాలిపోతాది! ఫీడ్ పెట్టడానికి దారే లేదు దీనికి, డిజైన్ తప్పు!" అంటూ స్విచ్చు దగ్గరకు వచ్చారు. నేను స్విచ్చుబోర్డుకు అడ్డంగా నిలబడ్డాను. పుట్టి బుద్ధెరిగాక ఆయనకు ఎదురుగా అలా నిలబడటం అదే మొదటిసారి. 

"నాన్నా, ఇది మీ క్రషర్ కాదు. నా మిషను. దీని పద్ధతి నాకు తెలుసు, తెలుసుకునే కొన్నాను. కాలిపోతే నేనే బాధపడతాను. మీరు పక్కకు జరగండి."

నాన్న నా మొహంలోకి చూశారు. ఆ తర్వాత, నిజంగా, పక్కకు జరిగారు. కాసేపు తిప్పాను, ఆపాను. మళ్ళీ తిప్పాను, ఆపాను. సీసా తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన తాగలేదు. అమ్మ టీ వడపోసే జల్లెడ తెప్పించి, దాంట్లో పోసి, చెంచాతో కదిపి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశారు. కొండమీద ఖనిజం నాణ్యత చూసేది అలాగే. జల్లెడలో నలగని ముక్క ఒక్కటి కూడా మిగల్లేదు.

"ఓవర్‌సైజ్ లేదు" అన్నారు అందరికీ వినిపించేలా. తర్వాత నాతో మెల్లగా, "ఎప్పుడు చేరాలన్నావు?" అన్నారు.

నన్ను దింపడానికి ఆయనే వచ్చారు. బస్సులో నా పెట్టె, పరుపు పైకెక్కించి, మిషను డబ్బాను మాత్రం కండక్టరు ఎంత చెప్పినా దించకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గదిలో ప్లగ్గు పని చేస్తోందో లేదో చూసి, నా తల మీద చెయ్యి వేసి, తిరుగు బస్సెక్కేశారు. నేను గొప్పగా సీసా మీద తెల్ల టేపు అంటించి 'పళ్ళు మాత్రమే' అని రాసుకున్నాను. ఎవరు ముట్టుకుంటారని రాశానో మరి, ఆ గదిలో నేను తప్ప ఎవరున్నారు?

కొన్నాళ్ళు హాయిగానే గడిచింది. ఒక సాయంత్రం మెస్సు అన్నం ముందు పెట్టుకుంటే గొంతులోకి దిగలేదు. పెట్టె అడుగున అమ్మ పెట్టిన పొట్లం గుర్తొచ్చింది: వేయించిన ఎండురొయ్యలు, వేయించిన మిరపకాయలు. "ముందే పొడి కొడితే వాసన పోతాది, తినేముందు కొట్టుకో" అంది అమ్మ. దేంతో కొట్టుకోవాలి? రోలు లేదు. నేను మిషను వైపు చూశాను. అది నా వైపు చూసింది. టేపు కనబడకుండా సీసాను అటు తిప్పి, పొట్లమంతా అందులో పోసి, నొక్కాను.

ఆ రాత్రి కడుపు నిండా తిన్నాను, ఏడుస్తూ తిన్నాను. ఫోను చేస్తే నాన్న, "మిషనెలా ఉంది?" అన్నారు. "భేషుగ్గా ఉంది. పళ్ళకు తప్ప వాడటం లేదు" అన్నాను. ఇప్పటికీ ఆయనకు నిజం చెప్పలేదు, చెప్పే ఉద్దేశమూ లేదు. గెలిచినదాన్ని, నేనెందుకు చెప్పాలి?

మర్నాడు పొద్దున్న సీసాను రెండోసారి కడగబోయి ఆగిపోయాను. అలాగే మామిడిపండు, పాలు వేసి తిప్పి, కిటికీ దగ్గర నిలబడి గుక్క తాగాను. భీమిలి, బచేలి, మా వంటిల్లు అన్నీ ఒక్కసారిగా ముక్కులోకి వచ్చాయి. సీసా ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఎవరూ లేని ఆ గదిలో పైకే అన్నాను: "బాగానే ఉంది. ఉప్పు తక్కువైంది."